ఇరవై నాలుగో వంతు కార్లు

ప్లాస్టిక్ కారు కిట్‌ను మొదటిసారి తెరిచేవారికి అందులో కారు కనిపించదు. పెట్టె మూత మీద రంగుల కారు ఒకటి దూసుకుపోతూ ఉంటుంది. మూత తీస్తే మాత్రం సన్నని చట్రాలకు అంటుకుని ఉన్న తెల్లని, బూడిదరంగు ముక్కలు, వేరే సంచిలో అద్దాలు, వెండిపూత పూసిన బంపర్లు, నాలుగు నల్లని టైర్లు, నీటిలో నానబెట్టి అతికించే గుర్తులు, అంకెలు (డీకాల్స్) ఉన్న కాగితం, మడతలు పెట్టిన సూచనల పత్రం బయటపడతాయి. ఆ ముక్కలన్నీ ఏ వరుసలో ఒకదానికొకటి చేరి కారు అవుతాయో తెలుసుకోవాలన్న ఆరాటమే చిన్ననాడు నన్ను ఈ అభిరుచిలోకి లాగింది. ఇన్నేళ్లయినా ఆ ఆరాటం తగ్గలేదు.

ఈ విద్య నాకు నేర్పినది మా మేనమామ. ఆయన వృత్తి యంత్రభాగాల డ్రాయింగులు గీయడం. కాగితం మీది గీతలను చూసి వస్తువు ముందు, వెనుక, లోపలి భాగాలను ఊహించుకోవడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత సహజంగా ఉండేది. ఆ అలవాటే నాకూ పట్టించాలని ఆయన ఉద్దేశం. కొత్త కిట్ వచ్చిన రోజున ఒక్క ముక్కనైనా చట్రం నుంచి కోయనిచ్చేవారు కారు. "ముందు కాగితం చదువు, ఆ తర్వాతే కత్తి పట్టు" అనేవారు. సూచనల పత్రంలో ప్రతి భాగానికి ఒక అంకె ఉంటుంది, చట్రం మీద ఆ ముక్క పక్కనే అదే అంకె అచ్చయి ఉంటుంది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్క అంకెనూ వెతికి పట్టుకుని, ఆ భాగం నిజమైన కారులో ఏం పని చేస్తుందో మాట్లాడుకునేవాళ్లం. "ఇది డిస్ట్రిబ్యూటర్. ఏ సిలిండర్‌కు ఎప్పుడు నిప్పురవ్వ అందాలో పంచిపెట్టేది ఇదే" అని ఆయన చెబితే, గోరుమీద పట్టేంత ఆ ప్లాస్టిక్ ముక్కను నేను చాలాసేపు చేతిలోంచి వదలలేకపోయేవాణ్ణి.

పాత అమెరికన్ కిట్లలో నిర్మాణం చాలావరకు ఇంజన్‌తో మొదలయ్యేది. ఎడమ సగం, కుడి సగం అంటిస్తే ఇంజన్ బ్లాకు, దాని వెనుకే గేర్‌బాక్సు తయారవుతాయి. వి ఆకారంలో చెరో వైపు నాలుగేసి సిలిండర్లు, వాటి మీద హెడ్లు, ఆ పైన వాల్వ్ కవర్లు, నడుమ మానిఫోల్డ్, దాని నెత్తిన కార్బురేటర్, అన్నిటికన్నా పైన గుండ్రని ఎయిర్ క్లీనర్ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. తర్వాత ఛాసీ, స్ప్రింగులు, వెనుక ఇరుసు మధ్యలో గుమ్మటంలాంటి డిఫరెన్షియల్, రెండు వైపులా సాగిపోయే సైలెన్సర్ గొట్టాలు వస్తాయి. ఆ తర్వాతే లోపలి సీట్లు, డ్యాష్‌బోర్డు, స్టీరింగు. బాడీ అన్నిటికన్నా చివర. రోడ్డు మీద వెళ్లే కారును చూసేవారికి మొదట కనిపించేది బాడీ. కిట్ కట్టేవారికి మాత్రం కారు లోపలి నుంచి బయటికి పెరుగుతుంది. ఈ ఒక్క తేడా వల్ల నేను కార్లను చూసే తీరే మారిపోయింది. ఈ రోజుకూ ఆగి ఉన్న కారును చూస్తే దాని రంగుకన్నా ముందు, ఇంజన్ అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, సస్పెన్షన్ ఎలాంటిది అన్నవే మనసుకు తడతాయి.

స్కేలు అంటే ఏమిటో కూడా ఆ బల్ల దగ్గరే తెలిసింది. మామయ్య దగ్గర డ్రాయింగులకు వాడే త్రిభుజాకారపు స్కేలుబద్ద ఉండేది. దాని ఒక్కో అంచు మీద ఒక్కో వంతు కొలతలు ఉంటాయి. 1/24 అంటే నిజమైన కారు కొలతలన్నిటినీ 24తో భాగించడమే. 4.8 మీటర్ల పొడవున్న కారు అప్పుడు సరిగ్గా 20 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అదే కారును 1/25లో చేస్తే 19.2 సెంటీమీటర్లు వస్తుంది. ఎనిమిది మిల్లీమీటర్ల తేడా వినడానికి ఎంతో కాదు గానీ, రెండింటినీ పక్కపక్కన పెడితే అలవాటుపడిన కన్నుకు వెంటనే తెలిసిపోతుంది. అడుగులు, అంగుళాల లెక్కలో 1/24 అంటే అడుగుకు అర అంగుళం, అంటే గీతలు గీసేవారికి ఎంతో అనువైన కొలత.

మరి 1/25 ఎందుకు వచ్చిందని అడిగితే ఆయన అమెరికా కథ చెప్పారు. అక్కడ 1950ల్లో కార్ల కంపెనీలు తమ కొత్త మోడళ్లకు చిన్న నమూనాలు చేయించి డీలర్లకు ఇచ్చేవి. ప్రోమోలు అని పిలిచే ఆ నమూనాలు ఎక్కువగా 1/25 కొలతలో ఉండేవి. వాటిని తయారుచేసిన సంస్థల్లో ఏఎంటీ, జో-హాన్ ప్రసిద్ధమైనవి. తొలి ప్రోమోలను సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసేవారు. అది ఏళ్లు గడిచేకొద్దీ ముడుచుకుని వంకరపోతుంది, అందుకే ఆ కాలపు ప్రోమోల్లో చాలావాటికి పైకప్పులు కుంగి, వెనుక భాగాలు వంగి కనిపిస్తాయి. తర్వాత పాలీస్టైరీన్ వచ్చి ఆ బాధ తీర్చింది. ప్రోమోల కోసం చేసిన అచ్చులు చేతిలో ఉండగా వాటినే విడి భాగాలుగా అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో, 1958లో ఏఎంటీ ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకోగల కిట్లను తెచ్చింది. కారును కర్మాగారం నుంచి వచ్చినట్టే ఉంచవచ్చు, సొంత అలంకరణలతో మార్చుకోవచ్చు, లేదా పందెపు కారుగా తీర్చవచ్చు. ఒక రూపానికి వాడని భాగాలు మిగిలిపోతాయి కదా, వాటిని ఒక డబ్బాలో దాచుకుని వేరే కారుకు వాడుకోవడం నాటి పిల్లలకు ఎంత సంబరమో, ఆ డబ్బా ఒకటి నా దగ్గర కూడా ఉంది కనుక నాకు తెలుసు.

ఈ వార్షిక కిట్ల విషయంలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే సంగతి ఒకటుంది. కార్ల కంపెనీ ప్రతి ఏడూ గ్రిల్లు, తోకదీపాలు, పక్క గీతలు మార్చేది. కిట్ల కంపెనీ కూడా ఆ మార్పులకు తగ్గట్టు తన ఉక్కు అచ్చునే మళ్లీ చెక్కించేది. ఉక్కును ఒకసారి చెక్కాక వెనుకటి రూపం తిరిగి రాదు. అంటే ఒక సంవత్సరపు కారు మరుసటి ఏటి కారుకు దారి ఇచ్చి శాశ్వతంగా మాయమైపోయేది. అలా పోయిన అచ్చుల కిట్లు ఎక్కడైనా మూత తీయకుండా మిగిలి ఉంటే, అవే ఆ రూపానికి చివరి సాక్ష్యాలు. సేకరించడం అనే పిచ్చికి అసలు మూలం ఇదేనని నా నమ్మకం. కేవలం ధర పెరుగుతుందన్న ఆశతో పెట్టెలు పేర్చుకునేవారిని నేను అర్థం చేసుకోలేను గానీ, ఇక మళ్లీ పుట్టని ఆకారాన్ని కాపాడుకోవాలన్న తపనను మాత్రం మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

జపాన్ కిట్లు మా బల్ల మీదికి కాస్త ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక మామయ్య చేతిపని తీరే మారింది. షిజువోకా నగరం ఆ దేశపు మోడల్ పరిశ్రమకు పుట్టినిల్లు. టమియా, హసెగావా, ఫుజిమి, అయోషిమా అనే కిట్ల కంపెనీలన్నీ ఆ నగరానికో, ఆ చుట్టుపక్కలకో చెందినవే. టమియా 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క నమూనాలు చేసి, 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి అడుగుపెట్టింది. 1967లో 1/12 కొలతలో హోండా ఫార్ములా వన్ కారు తెచ్చింది. 1976లో పోర్షే 934 కిట్ చేయడానికి ఆ సంస్థ నిజమైన పోర్షే 911 ఒకటి కొని, దాన్ని భాగాలుగా విప్పి మరీ కొలతలు తీసుకుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మామయ్య కళ్లలో కనిపించిన మెరుపు నాకు బాగా గుర్తు. డ్రాయింగుల మనిషికి అంతకన్నా గొప్ప నిజాయితీ ఏముంటుంది?

ఆ 1/12 వరుసలోని లోటస్ 49 అనే పందెపు కారును కట్టిన రోజులు నా జ్ఞాపకాల్లో అన్నిటికన్నా మందంగా పేరుకుని ఉన్నాయి. కోలిన్ చాప్‌మన్ సంస్థ చేసిన ఆ కారుకు ఒక ప్రత్యేకత ఉంది. డ్రైవర్ కూర్చునే అల్యూమినియం తొట్టి అతని వీపు వెనుకే ముగిసిపోతుంది, ఆ తర్వాత ఛాసీ అనేదే ఉండదు. మూడు లీటర్ల కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్‌ను నేరుగా ఆ తొట్టి వెనుక గోడకు బిగిస్తారు. వెనుక సస్పెన్షన్, గేర్‌బాక్సు, చక్రాలు అన్నీ ఇంజన్‌నే పట్టుకుని ఉంటాయి. అంటే ఇంజన్ కారును నడపడమే కాక మోస్తుంది కూడా. 1967లో జాండ్‌వోర్ట్‌లో జరిగిన డచ్ గ్రాండ్ ప్రీలో ఆ కారు మొదటిసారి బరిలోకి దిగి, డ్రైవర్ జిమ్ క్లార్క్ చేతిలో ఆ రోజే గెలిచింది. ఈ విశేషాన్ని పుస్తకంలో చదివితే ఒక వాక్యంగా గుర్తుంటుందేమో. కిట్‌లో మాత్రం ఇంజన్‌ను చేతిలో పట్టుకుని, దాన్ని అమర్చేవరకూ వెనుక చక్రాలకు నిలవడానికి చోటే లేదని గ్రహించినప్పుడు, ఆ రూపకర్త ఆలోచన నా వేళ్లకు అర్థమైంది. "చూశావా, ఒక్క భాగంతో రెండు పనులు చేయించాడు. బరువు తగ్గడమంటే ఇది" అని మామయ్య అన్నారు. ఆ సాయంత్రం మేమిద్దరం జిగురు సీసా మూత కూడా తీయలేదు. ఇంజన్‌ను తొట్టికి ఆనించడం, తీయడం, మళ్లీ ఆనించడం, అంతే.

ఇక చేతిపని సంగతి. అచ్చులోంచి ముక్కలు సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు వాటి మీద మిగిలి ఉండవచ్చు కనుక, ముందుగా చట్రాలన్నిటినీ సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో కడిగి ఆరబెట్టాలి. ముక్కను చట్రం నుంచి వేరు చేసేటప్పుడు కట్టర్‌ను ముక్కకు ఆనించి కోయకుండా కాస్త దూరంలో కోసి, మిగిలిన మొటికను తర్వాత కత్తితో చెక్కి, ఉప్పు కాగితంతో నునుపు చేయాలి. అచ్చు రెండు సగాలు కలిసే చోట బాడీ మీద సన్నని గీత ఒకటి పడుతుంది. ముందు రెక్క మీదుగా, పైకప్పు స్తంభాల వెంట సాగే ఆ గీతను పూర్తిగా తొలగించకపోతే, మెరిసే రంగు పడ్డాక అది పదింతలై కనిపిస్తుంది. పల్చని జిగురుకు నిజానికి జిగట ఉండదు. అది ప్లాస్టిక్‌ను కరిగించే ద్రావకం. రెండు ముక్కలను ఆనించి పట్టుకుని, అతుకు దగ్గర కుంచె మొనను తాకిస్తే చాలు, ద్రవం తనంతట తానే సందులోకి పాకిపోతుంది, రెండు ముక్కలూ కరిగి ఒకటే ముక్కగా గట్టిపడతాయి. అద్దాల దగ్గర మాత్రం ఆ ద్రావకాన్నీ, ఆవిరితో తెల్లటి పొగ పట్టించే సూపర్ జిగురునూ మామయ్య రానిచ్చేవారు కారు. అక్కడ ఆరితే పారదర్శకంగా మారే తెల్ల జిగురే వాడాలి. ఇప్పటికీ ఆ ద్రావకం వాసన ఎక్కడైనా సోకితే ఆయన గది, కిటికీ పక్కనున్న బల్ల, బల్ల అంచున వరుసగా పేర్చిన కుంచెలు కళ్లముందు కదులుతాయి. కిటికీ తెరిచి ఉంచకుండా ఆ సీసా మూత తీయడం ఆ గదిలో నిషేధం.

రంగు వేయడం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. విమానాలు, ట్యాంకులు కట్టేవారికి రంగు మసకగా, మట్టికొట్టుకుని ఉన్నా అందమే. కార్లవారికి ఆ వెసులుబాటు లేదు. కారు అద్దంలా మెరవాలి, ఆ మెరుపులో ఒక్క ధూళికణం కూడా దాగదు. పైగా కొలత మరొక పరీక్ష పెడుతుంది. నమూనా మీద రంగు పొర 0.1 మిల్లీమీటరు మందం ఉందనుకుంటే, 24 రెట్లు పెంచి చూసినప్పుడు అది నిజమైన కారు మీద 2.4 మిల్లీమీటర్ల మందపు రంగుతో సమానం. అంత మందాన తలుపు గీతలు పూడిపోతాయి, కంపెనీ గుర్తులు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. లోహపు మెరుపున్న రంగుల్లో కణాలకూ ఇదే చిక్కు. నిజమైన కారుకు వాడే రంగును నేరుగా నమూనాకు కొడితే ఆ కణాలు ఇసుకరేణువుల్లా పెద్దవిగా తోస్తాయి, అందువల్ల మరింత సన్నని కణాలున్న రంగునే వెతుక్కోవాలి.

మామయ్య ముందుగా బూడిదరంగు ప్రైమర్, అంటే అసలు రంగు కింద వేసే పునాది పూత, కొట్టించేవారు. ప్రైమర్ అందం కోసం కాదు, తప్పులు పట్టుకోవడానికి అని ఆయన సూత్రం. బాడీ అంతా ఒకే మసక రంగులోకి మారగానే అంతవరకు కంటికి దొరకని గీతలు, గుంటలు వాటంతట అవే బయటపడేవి. ఎర్రని ప్లాస్టిక్‌తో పోసిన బాడీ మీద తెల్ల రంగు వేయాలంటే మరో జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఆ ఎరుపు పై పొరలలోకి ఊరి తెలుపును గులాబీరంగుగా మార్చేస్తుంది. నడుమ వెండిరంగు పొర ఒకటి అడ్డుగోడగా వేస్తే ఆ ఊట ఆగుతుంది. స్ప్రే డబ్బాను కొట్టేముందు కాసేపు గోరువెచ్చని నీటిలో నిలబెడితే లోపలి ఒత్తిడి పెరిగి తుంపర సన్నగా, సమంగా పడుతుంది. వానపట్టిన రోజున లాక్కరు (త్వరగా ఆరే రంగు) కొడితే గాలిలోని తేమ వల్ల పైపొర పాలిపోయి తెల్లబారుతుంది కనుక, ఆకాశం చూసి నిర్ణయం తీసుకునేవారు. ఎనామిల్ (నెమ్మదిగా ఆరే రంగు) మీద లాక్కరు పడితే కింది పొర ముడతలు దేరుతుందన్నది మరో నియమం. లాక్కరు మీద ఎనామిల్ వేయవచ్చు, తలకిందులు చేయకూడదు. ఎన్ని పల్చని పొరలైనా ఫరవాలేదు గానీ ఒక్క మందపు పొరకు ఆయన ఒప్పుకునేవారు కారు. "తొందరగా ఉంటే ఇవాళ మానేద్దాం, రంగు ఎక్కడికీ పోదు" అనేవారు.

రంగు పూర్తిగా గట్టిపడ్డాక తడిపిన మెరుగు కాగితాలతో రుద్దడం మొదలవుతుంది. రెండు వేల గరుకు నుంచి మెల్లగా మెత్తనివాటికి దిగుతూ పోవాలి. అంచుల మీద, మడతల మీద రంగు పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ వేలు ఆనించకూడదు. మొదట మెరుపంతా పోయి బాడీ పాలిపోతుంది, ఆ దశలో కొత్తవారికి గుండె జారుతుంది. చివర పాలిష్ ముద్ద వేసి మెత్తని గుడ్డతో తిప్పుతూ పోతే, పోయిన మెరుపు అంతకన్నా లోతుగా తిరిగివస్తుంది. గదిలోని కిటికీ చట్రం గీతలు వంకర లేకుండా పైకప్పు మీద కనిపిస్తే పని పూర్తయినట్టు లెక్క.

వెండి అంచుల కోసం వెనుక జిగురున్న అతి పల్చని అల్యూమినియం రేకు వాడతాం. కిటికీ చుట్టూ ఉన్న అంచు మీద రేకును పరిచి, మెత్తని పుల్లతో గాడిలోకి అణచి, కొత్త బ్లేడుతో అంచు వెంట కోసి మిగిలినది లాగేస్తే, ఏ వెండిరంగూ ఇవ్వలేని లోహపు తళుకు మిగులుతుంది. సీటు బెల్టులు, ప్లగ్గు తీగలు కూడా కొలత ప్రకారమే. 48 మిల్లీమీటర్ల వెడల్పు బెల్టు 1/24లో రెండు మిల్లీమీటర్లకు వస్తుంది. ఏడెనిమిది మిల్లీమీటర్ల మందపు ప్లగ్గు తీగకు 0.3 మిల్లీమీటర్ల తీగ వెతకాలి. యాంటెన్నాల కోసం డబ్బిచ్చి ఏమీ కొనేవాళ్లం కాదు. పారేయవలసిన చట్రపు కాడను కొవ్వొత్తి మంటకు కాస్త ఎత్తున తిప్పుతూ, మెత్తబడగానే రెండు చివరలు పట్టి లాగితే వెంట్రుకంత సన్నని పుల్ల సాగి వచ్చేది. ఎంత వేగంగా లాగితే అంత సన్నం. ఆ వేగం చేతికి పట్టుబడ్డాక కలిగిన సంతోషం వేరు.

కట్టిన కార్లకన్నా కట్టవలసిన పెట్టెలు ఎక్కువయ్యే కాలం ఈ అభిరుచిలో అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది. పాత కిట్లు సేకరించడం మొదలుపెట్టాక, పెట్టెలో ఊరికే పడి ఉన్న ప్లాస్టిక్ కూడా ముసలిదవుతుందని తెలిసింది. అన్నిటికన్నా పెద్ద శత్రువు టైర్లే. మెత్తదనం కోసం వాటి వినైల్‌లో కలిపిన పదార్థం ఏళ్ల తరబడి బయటికి ఊరుతూ, తనకు తగిలి ఉన్న పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. చాలా కాలం మూసి ఉన్న ఒక పెట్టె తెరిచినప్పుడు ముందు అద్దం మీద టైరు గాడులన్నీ అచ్చు గుద్దినట్టు దిగబడి ఉండటం చూశాను. అప్పటి నుంచి ఏ కిట్ చేతికి వచ్చినా మొదటి పని టైర్లను విడిగా చిన్న సంచిలో కట్టడం. పసుపుబారిన డీకాల్స్‌ను ఎండ తగిలే కిటికీ అద్దానికి అంటించి కొన్నాళ్లు ఉంచితే పసుపు చాలావరకు విరుగుతుంది. నీటిలో వేయగానే పెళుసుగా చీలిపోయేంత పాతవైతే, ముందుగా వాటి మీద పారదర్శకమైన వార్నిష్ పొర ఒకటి వేసి బిగించాలి. పందెపు కార్ల డీకాల్స్‌లో మరో చిక్కు ఉంది. పొగాకు ప్రకటనల మీద ఆంక్షలు వచ్చాక, అసలు కారు మీద ఉన్న సిగరెట్ కంపెనీల పేర్లు చాలా కిట్ల కాగితాల్లోంచి మాయమయ్యాయి. చరిత్రకు నిజంగా ఉండాలనుకునేవారు వాటిని వేరే చోట విడిగా వెతుక్కోవాలి. నేను పొగతాగను, ఆ ప్రకటనల మీద నాకు ఏ మమకారమూ లేదు, అయినా ఆ పేరు లేని కారు నా కంటికి అసంపూర్ణంగానే తోస్తుంది.

ఇంజన్ లేని కిట్లను చిన్నచూపు చూసేవారు మాలో కొందరున్నారు. బానెట్ తెరుచుకోదు, అడుగు భాగంలో నాలుగు గీతలు తప్ప ఏమీ ఉండదు, ఇదేం కిట్ అంటారు. ఇంజన్ ద్వారానే ఈ లోకంలోకి వచ్చిన నేనూ ఆ మాటతో ఏకీభవించాలి, కానీ ఏకీభవించను. విడి బానెట్ లేకపోవడం వల్ల ముందు భాగపు వంపులు చెదరకుండా ఒకే ముక్కగా పోయవచ్చు, మూత చుట్టూ పెద్ద సందులు ఉండవు. హసెగావా చేసిన కొన్ని కార్లలో బాడీ నిష్పత్తులు ఎంత ముచ్చటగా ఉంటాయో పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. ఇంజన్ కావాలనుకుంటే మనమే చెక్కుకోవచ్చు. ఇప్పుడైతే రెసిన్ భాగాలు, రసాయనంతో పల్చని లోహపు రేకును కొరికి చేసిన భాగాలు, త్రీడీ ప్రింటర్‌లో తీసిన భాగాలు ఎన్నో దొరుకుతున్నాయి. బాడీ రూపం తప్పుగా ఉంటే మాత్రం దాన్ని ఏ ఇంజన్ కూడా కాపాడలేదు.

మామయ్య కట్టిన కార్లు ఇప్పుడు నా అద్దాల బీరువాలో ఉన్నాయి. ప్రతి కారు ఛాసీ అడుగున, రంగు వేయకముందే సూదిమొనతో నెల, సంవత్సరం గీసేవారు ఆయన. ఆ అంకెల వరుసలో పేర్చి చూస్తే ఒక మనిషి చేయి ఎలా స్థిరపడిందో కనిపిస్తుంది. తొలి కార్లలో అతుకుల దగ్గర జిగురు మరకలు, కుంచె చారలు ఉన్నాయి. తర్వాతివాటిలో చారలు పోయాయి. ఆ తర్వాతివాటిలో తీగలు వచ్చాయి, బెల్టులు వచ్చాయి. పాత రంగు కరిగించి, వెండిపూత తీసేసి, మళ్లీ కొత్తగా కట్టి ఇస్తామని మిత్రులు కొందరు అడిగారు. అలా పునరుద్ధరించడం గొప్ప నైపుణ్యమే, పాడైపోయిన పాత నమూనాలకు వారు పోసే ప్రాణం నేను చూశాను. అయినా వీటిని తాకనివ్వలేదు. ఆ కుంచె చారలు తీసేస్తే ఆయన నేర్చుకున్న మొదటి మెట్టు పోతుంది.

ఆయనకిప్పుడు చూపు మందగించింది, కట్టడం మానేశారు, చదవడం మాత్రం మానలేదు. సూచనల పత్రాన్ని పెద్దదిగా చేయించి తెచ్చిచ్చాను. భూతద్దం పట్టుకుని ఆయన అంకెలు చదువుతారు, నేను ముక్కలు వెతుకుతాను. ఈ మధ్య బల్ల మీద ఉన్నది ఫుజిమి వారి పోర్షే 356. వెనుక ఇంజన్, అదీ సిలిండర్లు అడ్డంగా పడుకున్న నాలుగు సిలిండర్ల ఇంజన్. ఆ వరుసలోని కిట్లలో చిన్న భాగాలు ఎంత ఎక్కువో కట్టినవారికి తెలుసు. ఇంజన్ పూర్తయింది, ఫ్యాను కప్పు మీద గాలిగీతలు కూడా చక్కగా వచ్చాయి. బాడీకి ప్రైమర్ పడింది, తలుపు కింద ఒక చిన్న గుంట బయటపడింది, అది పూడ్చాలి. రంగు దగ్గరే పేచీ. ఈ వంపులు వెండిరంగులో తప్ప సరిగా తెలియవని ఆయన పట్టు, లేత దంతపు రంగులో ఇంకా మెత్తగా కనిపిస్తాయని నా పట్టు. "ఏరా, పారేసే చెంచాల మీద రెండు రంగులూ కొట్టి కిటికీ దగ్గర పెట్టు, వెలుతురులో చూసి తేలుద్దాం" అన్నారు నిన్న. రెండు చెంచాలూ ఆరుతున్నాయి.